నల్లమలకు ఇరువైపుల: కర్నూలు, కడప సీమల క్రైస్తవ సంఘములు

ఆదివారము ప్రొద్దున కర్నూలులో బయలుదేరి నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరుల మీదుగా కడపకు పోవువారికి దారి పొడుగునను చర్చి గంటలు వినబడును. గంటల మ్రోత ఒకే తీరు. గుడులు మాత్రము ఒకే సంఘమునకు చెందినవి కావు. కర్నూలులో బాప్టిస్టుల దేవాలయము, నంద్యాలలో ఆంగ్లికను సంప్రదాయమున వెలసిన హోలీక్రాస్ దేవాలయము, జమ్మలమడుగు వైపు మళ్లినచో లండన్ మిషను నాటి ప్రార్థనాలయములు, కడప మరియాపురములో కతోలికుల పెద్ద గుడి. ఇవి గాక, నిన్నమొన్న లేచిన రేకుల కప్పు ప్రార్థనా మందిరములు ఎన్నో ఊళ్ల మొగదలను కనబడుచున్నవి.

"క్రీస్తు ఒక్కడే గదా, ఇన్ని సంఘములు ఏల?" అని మా శ్రోతలు, అందును క్రైస్తవేతరులు, అప్పుడప్పుడు మమ్ము అడుగుచుందురు. న్యాయమైన ప్రశ్నయే. పడమటి దేశములలో ఐదు వందల ఏండ్లుగా జరిగిన మతవాదములే దీనికి కారణమని చెప్పి ఊరకుండవచ్చును. కాని అది సగము జవాబు మాత్రమే. ముత్యాలపాడు రైతుకూలి ఆంగ్లికను అగుటకును, కంభము చెప్పులు కుట్టువాడు బాప్టిస్టు అగుటకును లూథరు, కాల్విను వాదములు కారణము కావు. ఆ కారణములను నల్లమల కొండలలోను, పెన్నేటి ఒడ్డునను, ధాత కరవులోను వెదకవలెను. మేము ఈ వ్యాసమున ఆ వెదకులాటయే చేయదలచితిమి.

ఈ సీమలో క్రైస్తవము మొదట అడుగిడినది కతోలిక రూపమున. పదునెనిమిదవ శతాబ్ది ఆరంభమున ఫ్రెంచి జెస్విటు గురువులు కర్ణాటక మిషను పేర తమిళ దేశమునుండి ఉత్తరముగా వచ్చి, పుంగనూరు ప్రాంతమున తెలుగువారి నడుమ బోధ ప్రారంభించిరి. అటుపిమ్మట నేటి అనంతపురము జిల్లాలోని మదిగుబ్బ, కృష్ణాపురము వంటి చోట్ల కొన్ని రెడ్డి కుటుంబములు జ్ఞానస్నానము పొందినవి. మరాఠా దండయాత్రల వలనను, కరవుల వలనను వారిలో అనేకులు తూర్పునకు తరలి గుంటూరు సీమలో స్థిరపడిరి. 1773లో పోపు జెస్విటు సభను రద్దు చేయుటతో ఈ సీమకు గురువులు రాక తగ్గినది. తిరిగి పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున మిల్‌హిల్ సభ గురువులు వచ్చిన తరువాతనే ఆ పని పుంజుకొనెను. 1928లో నెల్లూరు మేత్రాసనము, దానినుండి 1967లో కర్నూలు మేత్రాసనము, 1976లో కడప మేత్రాసనము ఏర్పడినవి. పల్లె జనుల నోట వీరు నేటికిని "ఆర్.సి.ఎం. వారు".

ప్రొటెస్టంటుల కథ కడప పట్టణమున మొదలగుచున్నది. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో కడపకు కొలువునకు వచ్చి తెలుగు నేర్వ నారంభించిన సంగతి మన శ్రోతలు ఎరుగుదురు. ఆ తరువాత రెండేండ్లకు, అనగా 1822లో, లండన్ మిషనరీ సంఘమువారు విలియం హోవెల్ అను బోధకుని అదే ఊరికి పంపిరి. బళ్లారిలో 1810లోనే ఆ మిషను పాదుకొని యుండెను. హోవెల్ ఇరువది ఏండ్లు కడపలో బోధించి ఒక చిన్న సంఘమును కూర్చెను. లండన్ మిషనువారికి బిషప్పులు లేరు. ఊరి సంఘమే తన కార్యములను తాను చక్కబెట్టుకొనవలెనన్నది వారి పద్ధతి.

1842లో ఒక మార్పు జరిగెను. హోవెల్ లండన్ మిషనును వీడి, ఆంగ్లికను సంఘమునకు చెందిన సువార్తవ్యాపక సభలో చేరెను. దీనినే మనవారు ఎస్.పి.జి. అందురు. కడప క్రైస్తవులలో కొందరు ఆయన వెంట నడిచిరి, కొందరు పాత సంఘమునందే నిలిచిరి. ఇంగ్లండులో మూడు వందల ఏండ్ల నాడు పుట్టిన తగవు, ఆ ముచ్చట ఏమియు నెరుగని కడప వాడలో ఈ విధముగా ఒక మనిషి మనసు మారుటతో వచ్చి కూర్చుండెను. ఒక వేరున రెండు కొమ్మలు మొలచినవి. ఈ రెండు కొమ్మల మాట పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము. నూరేండ్ల తరువాత ఇది మరల మన కథలోనికి రాగలదు.

ఆంగ్లికను కొమ్మ ఉత్తరముగా ప్రాకెను. 1850వ దశకమున ముత్యాలపాడు వారికి కేంద్రమయ్యెను. జాన్ క్లే అను పాదిరి అచ్చట పెక్కేండ్లు పనిచేసెను. పిమ్మట నల్లమల పాదమున ఉన్న కలసపాడు, ఆ తరువాత నంద్యాల ముఖ్యస్థానములైనవి. నంద్యాలలో బడులు, ఉపాధ్యాయ శిక్షణాలయము, సెయింట్ వెర్బర్గ్ ఆసుపత్రి వెలసినవి. లండన్ మిషను కొమ్మ కడప నుండి పడమరగా జమ్మలమడుగు, గుత్తి వైపు సాగెను. జమ్మలమడుగులో 1890వ దశకమున డాక్టరు క్యాంప్‌బెల్ నెలకొల్పిన ఆసుపత్రి నేటికిని ఆయన పేరనే పిలువబడుచున్నది. కడప, కర్నూలు జిల్లాల పల్లెలలో ఈ రెండు మిషనులలోను చేరినవారు అత్యధికముగా మాలలు.

నల్లమలకు తూర్పున వేరొక కథ నడిచెను. అమెరికా బాప్టిస్టులు 1840లో నెల్లూరులో అడుగిడిరి. ఇరువది ఏండ్లకు పైగా శ్రమించినను ఫలము అత్యల్పము. ఈ మిషనును మూసివేయుదమా అని అమెరికాలో పలుమారులు చర్చించిరి. 1866లో జాన్ క్లౌ ఒంగోలు వచ్చెను. ఆ సంవత్సరమే తాళ్లకొండపాటికి చెందిన యర్రగుంట్ల పేరయ్య అను మాదిగ కులస్థుడు బాప్తిస్మము పొందెను. పేరయ్య చదువుకొన్న పండితుడు కాడు. కాని తోళ్ల వ్యాపారమున ఊరూర చుట్టరికము గలవాడు. ఆయన బంధుత్వపు దారులే బోధకు బాటలైనవి.

1876 నుండి 1878 వరకు ధాత కరవు వచ్చెను. మదరాసు రాజధాని అంతటను కర్నూలు జిల్లా పడిన బాధ మిక్కిలి ఘోరమైనది. జిల్లా జనసంఖ్యలో సుమారు నాలుగవ వంతు తరిగిపోయెనని ఆ తరువాతి జనాభా లెక్కలు తెలుపుచున్నవి. క్లౌ దొర బకింగ్‌హాము కాలువలో మూడు మైళ్లకు పైగా త్రవ్వకపు కంట్రాక్టు పుచ్చుకొని, ఆకలిగొన్న వేలమందికి కూలి చూపెను. తిండి కొరకు మతము పుచ్చుకొనిరను మాట రాకుండ, కరవు కాలమంతయు బాప్తిస్మములు నిలిపివేసెను. కరవు తీరిన పిదప, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఏటిలో ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు తీసికొని, ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. కంభము, మార్కాపురము తాలూకాలు 1970 వరకు కర్నూలు జిల్లాలోనివే. ఆ కదలిక అచ్చట బలముగా సాగెను. కర్నూలు పట్టణమున కూడ 1870వ దశకమున బాప్టిస్టుల మిషను ఏర్పడెను. కోల్స్ మెమోరియల్ హైస్కూలు పేరు వినని కర్నూలువాసి ఉండడు.

ఇంతవరకు చెప్పినదానిని ఒక పటముగా ఊహింపుడు. మిషనులు ఒకరి పొలములో ఒకరు విత్తకూడదని తమలో తాము ఎల్లలు ఏర్పరచుకొనిరి. కాబట్టి ఒక పల్లెవాడు ఏ సంఘీయుడగునో నిర్ణయించినది వాని విశ్వాసము కన్న వాని ఊరు. కొండకు ఈవల పుట్టినచో శిశువుగా ఉన్నప్పుడే నుదుట నీళ్లు చిలుకరించి ఆంగ్లికను చేయుదురు. ఆవల పుట్టినచో ఎదిగి, తెలివి వచ్చిన తరువాత ఏటిలో ముంచి బాప్టిస్టును చేయుదురు. ఊరికి తోడు కులము. మాలలు పోయిన గుడికి మాదిగలు, మాదిగలు పోయిన గుడికి మాలలు పోవుటకు వెనుదీసిన పల్లెలు పెక్కు గలవు. సంఘముల నడుమ గోడలు కట్టినది విదేశీ సిద్ధాంతమైనను, ఆ గోడలకు మన ఊరి మట్టి మెత్తినవారము మనమే అని ఒప్పుకొనక తప్పదు.

మాటలు కూడ వేరైనవి. కతోలికులు జ్ఞానస్నానమందురు, తక్కినవారు బాప్తిస్మమందురు. వారు సర్వేశ్వరుడు, దివ్యపూజ అనుచోట వీరు దేవుడు, ఆరాధన అందురు. వారి గురువు ఫాదరు, వీరి పాదిరి అయ్యగారు. అయినను ఈ సంఘములను విడదీయలేని బంధమొకటి కలదు. అది పాట. పురుషోత్తమ చౌదరి 1803లో పుట్టి 1890లో గతించిన కవి. ఆయనయు, ఆయన తరువాతివారును కట్టిన తెలుగు కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథమున చేరి, లూథరనులు, బాప్టిస్టులు, ఆంగ్లికనులు, లండన్ మిషనువారు అను భేదము లేక ప్రొటెస్టంటుల ఇండ్లన్నిట నిలిచినవి. క్రిస్మస్ కార్యక్రమములకై మేము వేర్వేరు ఊళ్లలో ధ్వనిముద్రణ చేయునప్పుడు, పలుమారులు ఒకే కీర్తన మరల మరల ఎదురగును. రాగము కొంచెము అటునిటు కావచ్చును, పదము మారదు.

ఒకే పాట పాడువారు ఒకే పంక్తిని ఏల కూర్చుండరాదు? ఈ ప్రశ్న మొదట గట్టిగా అడిగినవారు భారతీయులే. 1919లో తరంగంబాడిలో ముప్పదిముగ్గురు క్రైస్తవ బోధకులు సమావేశమైరి. వారిలో ఇద్దరు తప్ప అందరును ఈ దేశస్థులు. వారి నాయకుడు దోర్నకల్ బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆయన 1912లో ఆంగ్లికను సంఘమున బిషప్పైన మొదటి భారతీయుడు. తమిళుడై పుట్టి తెలుగువారి నడుమ జీవితము గడిపినవాడు. మనము కనని తగవులు మనకేల అన్నదే ఆ సభవారి మాటల సారము. ఇరువది యెనిమిది ఏండ్లు సంప్రదింపులు సాగినవి. అజరయ్య 1945 జనవరి 1న మరణించెను, ఫలము చూడలేకపోయెను.

స్వాతంత్ర్యము వచ్చిన ఆరు వారములకు, 1947 సెప్టెంబరు 27న, మదరాసులోని సెయింట్ జార్జి దేవాలయమున దక్షిణ ఇండియా సంఘము అవతరించెను. దక్షిణమున ఉన్న ఆంగ్లికను మండలములును, మెథడిస్టులును, లండన్ మిషను మొదలగువాని సంఘములు అంతకు ముందే కలిసి యేర్పరచుకొన్న ఐక్య సంఘమును అందు ఏకమైనవి. బిషప్పులున్న సంఘములును, బిషప్పులు వలదన్న సంఘములును ఒకటగుట క్రైస్తవలోకమున అపూర్వమైన విషయము. ఒడంబడిక ఇది: ఇకమీదట పాదిరులకు బిషప్పులే హస్తనిక్షేపణము చేయుదురు, అంతకు ముందే పాదిరులైయున్నవారిని, వారు ఏ సంఘమున అభిషేకము పొందినను, అట్లే అంగీకరింతురు. మనస్సాక్షికి విరుద్ధముగా ఏ సంఘము మీదను ఏ పాదిరినిగాని, ఏ ఆరాధన పద్ధతినిగాని రుద్దకూడదు.

కడప, జమ్మలమడుగు, గుత్తి ప్రాంతముల లండన్ మిషను సంఘములు ఇందులో చేరినవి. రాయలసీమ అధ్యక్ష మండలమునకు బిషప్పైన హోస్పేట సుమిత్ర 1950వ దశకమున మొత్తము దక్షిణ ఇండియా సంఘమునకే మోడరేటరయ్యెను. కాని నంద్యాల చేరలేదు. నూరేండ్ల క్రిందట కడపలో విడిపోయిన రెండు కొమ్మలు కలియవలసిన తరుణమున, ఉత్తరపు కొమ్మ వెనుదీసెను. అజరయ్య స్వయముగా ఏలిన మండలములోని ఆ భాగమే ఆయన స్వప్నమునకు దూరముగా నిలిచెను. బిషప్పు చేయి తల మీద పడని పాదిరి ప్రభురాత్రి భోజనము పంచిపెట్టుట సరికాదని అచ్చటి వేలాది విశ్వాసులకు తోచెను. వారు కలకత్తా మెట్రోపాలిటన్ ఏలుబడిలో, ఇండియా, పాకిస్తాన్, బర్మా, సింహళ సంఘమునందే నిలిచిరి. 1960వ దశకమున ఆ సంఘముననే నంద్యాల ప్రత్యేక అధ్యక్ష మండలమయ్యెను.

దీనిని మొండితనమని కొట్టివేయుట తేలిక. మేము అట్లు తలపము. అక్షరము, మందు, మనిషిగా మర్యాద, ఇవి మూడును ఎవరి చేత మొదట అందినవో వారి ఆరాధన క్రమమే ఆ పల్లెల వారికి క్రైస్తవముగా కనబడినది. తాత మోకరించిన తీరున మోకరించుట వారికి సిద్ధాంతము కాదు, కృతజ్ఞత. పేరు మార్చుకొమ్మనుట ఆ కృతజ్ఞతను మరువుమనుటగా వారికి వినబడి యుండును.

ఇట్టి చిక్కు మన సీమకే పరిమితమైనది కాదు. ఉక్రెయిను దేశమున 988లో కీవ్ ప్రభువు వొలొదిమిర్ బైజాంటియను సంప్రదాయమున బాప్తిస్మము పొందెను. 1596లో, పోలండు లిథువేనియా రాజ్యములోని బ్రెస్ట్ నగరమున, అచ్చటి బిషప్పులు పెక్కురు తమ తూర్పు ఆరాధన క్రమమును కాపాడుకొనుచునే రోము పోపు అధికారమును అంగీకరించిరి. వారు గ్రీకు కతోలికులైరి. తక్కినవారు ఆర్థడాక్సులుగా ఉండిరి. మనకు మిషనుల ఎల్లలు ఎట్టివో వారికి రాజ్యముల ఎల్లలు అట్టివి: పోలండు, ఆస్ట్రియా, మాస్కో ఏలుబడులు మారిన కొలదియు సంఘములు మారినవి. 1946లో సోవియట్ ప్రభుత్వము ల్వీవ్‌లో ఒక సభ జరిపించి, గ్రీకు కతోలిక సంఘమును రష్యన్ ఆర్థడాక్సు సంఘమున బలవంతముగా కలిపివేసెను. ఒప్పుకొనని బిషప్పులు చెరసాలల పాలైరి. అయినను ఆ సంఘము నలుబది ఏండ్లకు పైగా రహస్యముగా బ్రదికి, 1989లో మరల వెలుగులోనికి వచ్చెను. ఆర్థడాక్సులలోను తగవు కలదు: 2018 డిసెంబరులో కీవ్‌లో కూడిన ఐక్యసభ ఒక స్వతంత్ర సంఘమును ఏర్పరచగా, 2019 జనవరిలో కాన్‌స్టాంటినోపిలు పేట్రియార్కు దానికి స్వతంత్రాధికార పత్రమిచ్చెను, కాని ఆర్థడాక్సులందరును అందు చేరలేదు.

ఈ ఉదాహరణమును దృష్టిలో నుంచుకొని నంద్యాలను మరల చూతము. 1947లో నంద్యాలను ఎవరును బలవంతము చేయలేదు. తలుపు తెరిచియే యుండెను. కాలము తన పని తాను చేసెను. 1970 నవంబరు 29న నాగపూరులో ఉత్తర ఇండియా సంఘము ఏర్పడినప్పుడు, నంద్యాలవారు అంటిపెట్టుకొన్న పాత ఆంగ్లికను సంఘమే ఆ ఐక్యతలో చేరిపోయెను. వారు ఏ ఇంటిని విడువరాదనుకొనిరో ఆ ఇల్లే క్రొత్త పేరు దాల్చెను. ఆ దశకముననే నంద్యాల దక్షిణ ఇండియా సంఘమున చేరెను. నేడు అది ఆ సంఘములోని అధ్యక్ష మండలములలో ఒకటి. మోకరించువారు ఇప్పటికిని మోకరించుచునే యున్నారు. 1842లో చీలిన రెండు కొమ్మలు కలియుటకు నూట ముప్పది ఏండ్లు పట్టినది. బలవంతపు కలయిక నలుబది ఏండ్లకు విడిపోయిన చోట, ఓపికతో వేచిన కలయిక నిలిచినది.

అందరును ఒక గూటికి చేరిరని దీని అర్థము కాదు. బాప్టిస్టులు చేరలేదు, వారు 1962లో తెలుగు బాప్టిస్టు సంఘముల సమావేశము పేర తమ వ్యవస్థను ఏర్పరచుకొనిరి. ఆంధ్ర లూథరనులును వెలుపలనే యున్నారు. అయినను 1964లో రాజమండ్రిలో స్థాపించి, తరువాత హైదరాబాదునకు మార్చిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో లూథరనులు, బాప్టిస్టులు, దక్షిణ ఇండియా సంఘమువారు కలిసి తమ పాదిరులను చదివింపసాగిరి. ఇల్లు వేరైనను బడి ఒకటి అయినది.

ఇంకొక వైపు క్రొత్త కొమ్మలును మొలచినవి. ముంగమూరి దేవదాసు 1938లో రాజమండ్రిలో బైబిలు మిషను ఆరంభించెను. భక్తసింగు 1950లో హైదరాబాదున హెబ్రోను కేంద్రముగా పని సాగించెను. వీనికి విదేశీ బోర్డుల ఆధారము లేదు. తెలుగు నేలను పెరిగిన సమాజములు ఇవి. పెంతెకొస్తు సభలును అనేకములు వచ్చినవి. రాయలసీమ ఊళ్లలో రేకుల కప్పు క్రింద వినవచ్చు తప్పెట, తాళములు పెక్కింట వీరివే. మిషనుల ఎల్లలు వీరికి పట్టవు. ఏ ఊరిలోనైనను ప్రార్థన పెట్టుదురు. చీలికలు విదేశీయులే తెచ్చిరని ఇకమీదట ఎవరును అనజాలరు.

కాబట్టి మా శ్రోతల ప్రశ్నకు మా జవాబు ఇది. కర్నూలు, కడప సీమలలో ఇన్ని సంఘములుండుటకు కారణము ఇన్ని సత్యములుండుట కాదు, ఇన్ని దారులుండుట. ఒకరు కరవు దారిని, ఒకరు చుట్టరికపు దారిని, ఒకరు బడి దారిని, ఒకరు ఒక పాదిరి మనసు మారిన దారిని వచ్చిరి. వచ్చిన దారిని గౌరవించుట మంచిదే. కాని దారి గోడయై, ఒక వాడవారు మరియొక వాడ గుడి గడప తొక్కుటకు వెనుదీయునంతవరకు, 1919లో తరంగంబాడిలో అడిగిన ప్రశ్నకు సీమవారు పూర్తిగా జవాబు చెప్పినట్లు కాదు. బిషప్పుల ఒడంబడికలు మదరాసులోను, నాగపూరులోను కుదిరినవి. మాలపల్లెకును మాదిగపల్లెకును నడుమ కుదురవలసిన ఒడంబడికకు ఏ సభయు అక్కరలేదు. వచ్చు క్రిస్మస్ నాటి రాత్రి ఇరుపల్లెలవారు ఒక్క పందిటి క్రింద కూర్చుండి, ఇదివరకే ఇద్దరికిని కంఠస్థమైన ఆ కీర్తనను కలిసి పాడిన చాలును.